దీపం వెలుగులో ఆమె ఏమి చూసింది?

మే నెల రాగానే మన సంఘాల్లో ఒక ఆదివారం నర్సులను ముందుకు పిలుస్తాం. సంఘంలోని అక్కచెల్లెళ్లు, ఈమధ్య తమ్ముళ్లు కూడా, వేదిక ముందు వరుసగా నిలబడతారు. కాపరి వారికోసం ప్రార్థిస్తారు. ఎవరో ఒకరు ఫ్లారెన్స్ నైటింగేల్ పేరెత్తి, దీపం పట్టుకొని రాత్రివేళ గాయపడిన సైనికుల మధ్య తిరిగిన మహాతల్లి అంటారు. చప్పట్లు కొడతాం. అక్కడితో ఆమె కథ అయిపోతుంది. ఆ దీపం వెలుగులో ఆమె ఏమి చూసేదో ఎవరూ చెప్పరు. దయగల ముఖం చూపించడానికే అయితే పగలు సరిపోయేది కదా!

ఈ వారం మేము ఆ సంగతే చెప్పదలిచాం. మందు లేని ఇల్లు ఇప్పుడు మన సంఘాల్లో అరుదు. షుగరు బిళ్ళ, బీపీ బిళ్ళ, గుండెకు ఒకటి, కీళ్ల నొప్పికి ఒకటి. ఆసుపత్రుల్లో ఆ మందులు చేతికందించేవారిలో మన సంఘాల పిల్లలు ఎందరో ఉన్నారు. మందు ఇవ్వడంతో పని అయిపోదని, ఇచ్చాక అది ఆ ఒంట్లో ఏమి చేస్తున్నదో నిలబడి చూడాలని పట్టుబట్టిన స్త్రీ ఈ నైటింగేల్.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో పుట్టింది. ఆ ఊరి పేరే ఆమెకు పెట్టారు. తల్లిదండ్రులు ఇంగ్లండులో బాగా కలవారు. తండ్రి తానే దగ్గర కూర్చోబెట్టుకొని గ్రీకు, లాటిన్ చెప్పాడు. 1837 ఫిబ్రవరి 7న, ఇంకా 17 నిండకముందే, దేవుడు తనను తన సేవకు పిలిచాడని ఆమె రాసుకుంది. ఏ సేవకో అప్పుడు తెలియలేదు. తెలిశాక ఇంట్లోవాళ్లు ఒప్పుకోలేదు. ఆ రోజుల్లో ఆసుపత్రి నర్సు అంటే తాగుబోతు అనే పేరు. కలవారి అమ్మాయి ఆ గడప తొక్కడం పరువు తక్కువ. మంచి పెళ్లిసంబంధం వస్తే ఆమె కాదంది. పిలుపు విన్న రోజుకూ సొంతంగా ఒక ఆసుపత్రి బాధ్యత చేతికొచ్చిన రోజుకూ మధ్య 16 ఏళ్లు గడిచాయి. ఆ నిరీక్షణ మీద ఒక ప్రసంగమే చేయవచ్చు గానీ, మా విషయం అది కాదు.

మధ్యలో ఒక మజిలీ ఉంది. జర్మనీలో రైన్ నది ఒడ్డున కైజర్స్‌వెర్త్ అనే చిన్న ఊళ్లో థియోడోర్ ఫ్లీడ్నర్ అనే ప్రొటెస్టెంట్ పాస్టరు 1836లో పరిచారికల గృహం స్థాపించాడు. డీకనెస్ అనే మాటకు మన సంఘాల్లో ఇప్పటికీ ఉన్న గౌరవానికి మూలాల్లో అదొకటి. 1851లో నైటింగేల్ అక్కడ సుమారు మూడు నెలలు ఉండి రోగుల సేవ నేర్చుకుంది. అంతటి భక్తిని తాను మరెక్కడా చూడలేదని ముసలితనంలో రాసింది. ఆ ఉత్తరంలోనే, అక్కడి ఆసుపత్రిలో రోగుల సంరక్షణ అంటూ ఏమీ లేదనీ, శుభ్రత ఘోరమనీ కూడా రాసింది. గొప్ప భక్తి, ఘోరమైన ఆసుపత్రి ఒకే కప్పు కింద ఉండగలవని ఆమె కళ్లారా చూసింది. ఈ మాట మన సంఘాల్లో వినడానికి ఇబ్బందిగానే ఉంటుంది.

1853 ఆగస్టులో లండన్ హార్లీ వీధిలో, ఆధారం లేని మర్యాదస్తుల ఇంటి స్త్రీలకోసం నడిచే చిన్న ఆసుపత్రికి ఆమె పెద్ద అయింది. భోజనం పైకి చేరవేసే లిఫ్టు, రోగి గంట మోగిస్తే ఏ గది నుంచో నర్సుకు తెలిసే ఏర్పాటు ఆమె కోరి పెట్టించినవే. మందుల సంగతీ వదల్లేదు. బయటి దుకాణం నుంచి తెప్పించడం మాన్పించి, ఆసుపత్రిలోనే ఉండే డాక్టరు మందు కలిపి ఇచ్చేలా కమిటీని ఒప్పించింది. దానివల్ల ఏడాదికి 150 పౌండ్లు మిగులుతాయని తండ్రికి ఉత్తరంలో లెక్క చెప్పింది.

మరుసటి ఏడాదే క్రిమియా యుద్ధం. 1854 నవంబరు 4న 38 మంది స్త్రీలతో ఆమె ఇస్తాంబుల్‌కు ఎదురుగా ఉన్న స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరింది. డాక్టర్లు వాళ్లను వార్డుల్లోకి రానివ్వలేదు. అక్కడ ఆమె చేసిన పని ఆ 38 మందిలో చాలామందికే నచ్చలేదు. డాక్టరు అడిగేదాకా ఎవ్వరూ రోగిని ముట్టకూడదని, డాక్టరు చీటీ లేకుండా ఎవరికీ ఏమీ పెట్టకూడదని ఆజ్ఞ పెట్టింది. రోగులు అవతల మూలుగుతుంటే ఇవతల స్త్రీలు కట్లగుడ్డలు కుడుతూ కూర్చున్నారు. కఠినమే. కానీ ఆనాడు వైను, బ్రాందీ కూడా మందులకిందే లెక్క. జాలితో ఎవరికి వారు చేతికందింది పోస్తూ పోతే ఎవరికి ఎంత ముట్టిందో చెప్పేవాళ్లు ఉండరని ఆమెకు తెలుసు. కొద్ది రోజుల్లో క్షతగాత్రులు వెల్లువలా వచ్చిపడ్డారు, డాక్టర్లే వచ్చి అడిగారు.

రాత్రి 8 దాటాక ఇతర స్త్రీలను వార్డుల్లోకి వెళ్లనిచ్చేది కాదు. ఆమె ఒక్కతే దీపంతో మైళ్ల పొడవున పరచిన పడకల మధ్య తిరిగేది. ఎవరి శ్వాస మారింది, ఎవరి ఒళ్లు చల్లబడింది, సాయంత్రం మాట్లాడినవాడు ఇప్పుడెందుకు పలకడం లేదు, ఇవి చూడాలంటే దగ్గరికి వెళ్లాలి, వెలుగు కావాలి.

అయినా ఆ చలికాలం మనుషులు చచ్చిపోతూనే ఉన్నారు. 1855 ఫిబ్రవరిలో స్కుటారిలో చేరినవారిలో నూటికి 42 మంది చనిపోయారు. తిండి, బట్ట, పడక ఏర్పాటు చేసినా చావులు తగ్గలేదు. మార్చిలో బ్రిటిష్ ప్రభుత్వం పంపిన శానిటరీ కమిషన్ వచ్చి ఆసుపత్రి కింద పూడుకుపోయిన మురుగుకాల్వలు తీయించింది, కుళ్లిన కళేబరాలు తొలగించింది, గోడలకు సున్నం కొట్టించింది. జూన్ నాటికి ఆ 42 రెండుకు దిగింది. యుద్ధం ముగిసి ఇంటికి వచ్చాక విలియం ఫార్ అనే గణాంకవేత్తతో కలిసి ఆ అంకెలన్నీ వరుసగా పేర్చి చూసినప్పుడు నిజం ఎదురుగా నిలబడింది. తాను రేయింబవళ్లు సేవ చేసిన చోటే అంతమందిని బలి తీసుకుంది.

దేశమంతా తన పేరు పాడుతున్న సమయం అది. నోరు మూసుకొని ఉంటే అడిగేవారు లేరు. ఆమె ఆ అంకెలను ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో పెట్టింది, రంగుల బొమ్మలు గీసి మరీ చూపించింది. ఆ తరువాత ఆసుపత్రుల మీద రాసిన పుస్తకంలో, ఆసుపత్రికి ఉండవలసిన మొదటి గుణం రోగికి హాని చేయకపోవడం అని మొదలుపెట్టింది. విన్నవాళ్లకు అది వింత మాట. ఆమె అనుభవం నుంచి వచ్చిన మాట.

1859లో ఆమె రాసిన ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ ఇళ్లలో రోగులను చూసుకునే మామూలు ఆడవాళ్లకోసం రాసింది. అందులో మందుల గురించి ఉన్న నాలుగు మాటలు చదువుతుంటే మన ఇళ్లు చూసి రాసిందా అనిపిస్తుంది. ఆ రోజుల్లో బ్లూ పిల్ అని పాదరసం కలిసిన మాత్ర ఉండేది. ఎప్పుడో ఒకసారి డాక్టరు రాసిచ్చిన ఆ చీటీ దాచుకొని, వారానికి రెండు మూడుసార్లు విరేచనానికి వేసుకుంటూ, ఇతరులకూ ఇస్తూ పోయే గొప్పింటి స్త్రీలను ఆమె ఎరుగును. ఒకామె విషయం తానే డాక్టరుకు చెప్పింది. ఆయన ఆ చీటీ మార్చి అంతగా హాని లేని మాత్ర రాశాడు. ఆ ఇల్లాలు వచ్చి, కొత్త మాత్ర మునుపటిలా పని చేయడం లేదని నైటింగేల్ దగ్గరే ఫిర్యాదు చేసింది!

పల్లెల్లో ధర్మబుద్ధి గల స్త్రీలు కొందరు, తమకు నచ్చిన మందు చీటీని లండన్ డాక్టరు నుంచి తెప్పించుకొని ఊళ్లో పేదలందరికీ పంచిపెట్టేవారు. ఏ మందు ఎవరికి సరిపోతుందో, దాని వెనక ఏమేమి జరుగుతాయో తెలియకుండా ఇవ్వడంకంటే, ఆ పేదవాడి గుమ్మం ముందున్న పెంటకుప్ప తీయించి, తెరుచుకునే కిటికీ పెట్టించడం మేలు కాదా అని ఆమె నిలదీసింది. కోలోసింథ్, కోల్చికమ్ అనే రెండు మందుల పేర్లు కలగాపులగం చేసేవారిని చూసి ఆమెకు ఒళ్లు మండింది. మొదటిది గట్టి విరేచనకారి, రెండోది గౌటు నొప్పికి ఇచ్చేది, మోతాదు మించితే విషం. పేరు ఒకేలా వినబడే మందుల జాబితాలు ఈనాడు ఆసుపత్రుల్లో గోడలకు అంటిస్తున్నారు. ఆమె ఆ ప్రమాదాన్ని 160 ఏళ్ల క్రితమే గుర్తుపట్టింది.

పొరబాటు సీసా కథ కూడా ఒకటి చెప్పింది, చిన్నప్పుడు విన్నదట. ఒకామె ఇద్దరు అమ్మాయిలను తన గదిలోంచి సాల్ వొలటైల్ సీసా తెమ్మంది. అది సొమ్మసిల్లినవారికి వాడే మందు. ఒక అమ్మాయి కదల్లేదు. రెండో అమ్మాయి పరుగెత్తి సీసా తెచ్చింది. తెచ్చింది ఆ మందు కాదు, తెచ్చింది ఆ గదిలోంచీ కాదు. చెప్పినావిడ పరుగెత్తినదాన్నే మెచ్చుకున్నట్టుంది. నైటింగేల్ మెచ్చుకోలేదు. చూడటం చేతకాని చురుకుదనం రోగి పాలిట ఏమవుతుందో ఆలోచించమంది.

ఆ పుస్తకంలో మాకు అన్నిటికంటే ఉపయోగంగా తోచిన భాగం, రోగిని ఎలా అడగాలి అన్నది. రాత్రి బాగా నిద్రపట్టిందా అని అడగవద్దంటుంది. ఒకరికి పది గంటలు పడుకోకపోతే నిద్ర లేనట్టే, ఐదు రోజులు అసలు కన్ను మూయనివారి గురించీ అదే జవాబు వస్తుంది. ఎన్ని గంటలు, ఏ వేళ నుంచి ఏ వేళ దాకా అని అడగాలి. ఎలా ఉందమ్మా అంటే దేవుని దయవల్ల బాగున్నాను అనడం మన పెద్దల అలవాటు. ఆ జవాబు విశ్వాసానికి గుర్తే, కానీ నర్సుకు అది చాలదు. లేచి నిలబడినప్పుడు తల తిరిగిందా, ఒంటికి ఎన్నిసార్లు వెళ్లారు, కొత్తగా దద్దుర్లు ఏమైనా వచ్చాయా, చిగుళ్లలో రక్తం కనిపించిందా అని అడిగితేనే బీపీ మందు ఎక్కువైందనో, రక్తం పలచబరిచే మందు హద్దు మీరిందనో అనుమానం తగులుతుంది.

శ్రమదినాల్లో ఉపవాసం ఉండేవారు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. షుగరు బిళ్ళ గానీ ఇన్సులిన్ గానీ మామూలుగానే తీసుకొని, తిండి మాత్రం మానేస్తే రక్తంలో చక్కెర పడిపోతుంది. ఒళ్లంతా చెమట, చేతుల వణుకు, ఆకలి, మాట తడబడటం, ఆఖరికి స్పృహ తప్పడం. ప్రార్థన కూడికలో అలా పడిపోతే ఆత్మావేశమో నీరసమో అనుకొని పక్కన కూర్చోబెట్టేస్తే ప్రాణమే పోవచ్చు. మెలకువగా ఉండి మింగగలిగితే వెంటనే చక్కెర నీళ్లు తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి చేర్చాలి. ఉపవాసం మొదలుపెట్టే ముందు డాక్టరును అడిగి మోతాదు మార్పించుకోవడం అవిశ్వాసం కాదు. తెగుళ్ల నుంచి విడిపించుమని గుడిలో ప్రార్థిస్తూ, మురుగునంతా థేమ్స్ నదిలోకి వదులుతున్న తన దేశస్థుల తీరు వింతగా ఉందని నైటింగేల్ రాసింది. దేవుడు తన నియమాల ద్వారా పని చేస్తాడని, వాటిని తెలుసుకొని నడవడమే ఆయన చిత్తమని ఆమె నమ్మకం. ఆమె వేదాంతం మొత్తం మన సంఘాలు ఒప్పుకునేది కాదు. ఈ ఒక్క మాటతో మాత్రం మాకు పేచీ లేదు.

రోగిని చూడవచ్చిన బంధుమిత్రుల మీద ఆమెకు అసలు దయలేదు. వచ్చి, ఏమీ కాదులే అని ఊరికే ధైర్యం చెప్పి, ఆ డాక్టరు వద్దు ఈ మందు వాడు అని సలహాలిచ్చి పోయేవారికోసం పుస్తకంలో ఒక అధ్యాయమే కేటాయించింది. మనం ఆసుపత్రికి పదిమందిమి కలిసి ప్రార్థనకు వెళతాం, మంచిదే. సరిగ్గా అప్పుడే సిస్టరు మందుల ట్రేతో వస్తుంది. ఆమెను పలకరిస్తాం, పక్క పడక గురించి అడుగుతాం, చేతిలో కేస్ షీట్ ఉండగా ఫోను అందిస్తాం. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం అని ఐదూ ఆమె మనసులో సరిచూసుకుంటున్న ఘడియ అది. రాత్రి డ్యూటీలో ఒక్కతే వార్డంతా చూస్తూ ఉండవచ్చు కూడా. ఆ రెండు నిమిషాలు మనం గుమ్మం బయట నిలబడి ప్రార్థించుకోవచ్చు.

ప్రజలు కృతజ్ఞతగా పోగుచేసిన సుమారు 45,000 పౌండ్లతో 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో నైటింగేల్ పేరిట నర్సుల శిక్షణ బడి మొదలైంది. శిక్షణకు వచ్చిన అమ్మాయిల విధుల జాబితా ఒకటి అచ్చువేశారు. రోగిలో ఏమేమి కనిపెట్టాలో అందులో ఉంది: నాడి, చర్మం, ఆకలి, శ్వాస, నిద్ర, మతి తప్పడం, మత్తుగా పడి ఉండటం, పుండ్ల స్థితి, దద్దుర్లు, చివరగా ఆహారం, ఉత్తేజకాలు, మందులు చూపిన ప్రభావం. మందు దుష్ప్రభావాలు కనిపెట్టడం నర్సు పనే అని అచ్చులో చెప్పినట్టే కదా. అదే కాగితంలో ఆ అమ్మాయిలకు ఉండవలసిన గుణాలు కూడా రాశారు. మత్తు ముట్టకపోవడం, నిజాయతీ, సత్యం పలకడం, నమ్మదగినతనం, వేళ తప్పకపోవడం. వీటిని మనం నీతిబోధ అనుకుంటాం. మందు గదిలో అవి ప్రాణం కాపాడే నియమాలు. వేసిన డోసు వేశానని, మరచిన డోసు మరచానని, తప్పు మందు ఇస్తే ఇచ్చానని వెంటనే చెప్పే మనిషి ఉంటేనే విరుగుడు ఇవ్వడానికి వ్యవధి ఉంటుంది.

పదేళ్లు గడిచాక తన బడినే తరచి చూసింది. పేరు మారుమోగుతున్నా, లోపల పాఠాలు చెప్పవలసిన డాక్టరు చెప్పడం మానేశాడని, పిల్లలు సరిగ్గా నేర్చుకోవడం లేదని బయటపడింది. ఆ డాక్టరును తప్పించి మరొకరిని పెట్టించింది.

మన నర్సింగ్ కాలేజీల్లో దీపాలు వెలిగించే రోజున చదివే నైటింగేల్ ప్రతిజ్ఞ ఆమె రాసింది కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో లిస్ట్రా గ్రెటర్, ఆమెతోటి కమిటీ సభ్యులు కూర్చినది అది. హానికరమైన మందు తెలిసి తెలిసి ఇవ్వనని అందులో మాట ఇస్తారు. మంచి మాటే. కానీ మేము ఎరిగినంతలో తెలిసి హాని చేసే నర్సు ఎక్కడోగాని ఉండదు. హాని తెలియకుండానే జరుగుతుంది. అలసిన కళ్లు, ఒకేలా ఉన్న రెండు సీసాలు, అర్థం కాని చేతిరాత, అడగడానికి భయం. తప్పు ఒప్పుకున్న అమ్మాయిని అందరి ముందు నిలబెట్టి తిడితే, చూసిన పదిమంది ఇక నోరు విప్పరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో, మందులవల్ల కలిగే, నివారించదగిన తీవ్రమైన హానిని ఐదేళ్లలో సగానికి తగ్గించాలని దేశాలను కోరింది. మన దేశంలోనూ 2010 నుంచి మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం నడుస్తోంది. డాక్టర్లే కాదు నర్సులు, రోగులు కూడా తెలియజేయవచ్చు. ఆ సంగతి మన విశ్వాసులైన నర్సుల్లో ఎందరికి చెప్పారో!

మంచి సమరయుని కథలో కూడా, ఆయన గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి తన దారిన పోలేదు. ఆ మనిషిని సత్రానికి చేర్చి, అక్కడా కనిపెట్టుకొని ఉన్నాడు. మర్నాడు వెళుతూ కూడా, మళ్లీ వస్తానని చెప్పి వెళ్లాడు.

క్రిమియాలో తగిలిన జ్వరం నైటింగేల్‌ను జీవితాంతం వదల్లేదు. ఎక్కువ కాలం మంచం మీద నుంచే పని చేసింది. భారతదేశానికి ఎన్నడూ రాకపోయినా ఇక్కడి కరువుల గురించి, నీటి గురించి విస్తారంగా రాసింది. మన గోదావరి ఆనకట్ట కట్టిన కాటన్ దొరతో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపి, ఆయన కాల్వల వాదనను బలపరిచింది. 1860లలో వెన్నునొప్పి భరించలేక, అప్పుడే కొత్తగా వచ్చిన పద్ధతిలో నల్లమందు సారాన్ని చర్మం కిందికి ఇంజెక్షన్‌గా ఎక్కించుకుంది. 24 గంటలపాటు ఉపశమనం కలిగిందని, అయితే బుద్ధి చురుకుదనానికి మాత్రం అది ఏమీ మేలు చేయదని ఒక స్నేహితురాలికి రాసింది. నొప్పితో మంచాన ఉండి కూడా, తనకిచ్చిన మందు తనలో చేసిన మేలునూ లోటునూ పక్కపక్కనే నమోదు చేసింది ఆ నర్సు.

చివరి ఏళ్లలో చూపు పోయింది. 1907లో రాజుగారు ఆర్డర్ ఆఫ్ మెరిట్ అనే గౌరవాన్ని ఇచ్చారు. అది స్త్రీకి దక్కడం అదే మొదలు. 1910 ఆగస్టు 13న, 90 ఏళ్ల వయసులో నిద్రలోనే కన్ను మూసింది. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేస్తామంటే, ఆమె కోరిక ప్రకారం కుటుంబంవారు వద్దన్నారు. హాంప్‌షైర్‌లోని ఈస్ట్ వెల్లో గ్రామ చర్చి ఆవరణలో, తల్లిదండ్రుల పక్కన ఉంచారు. రాతి మీద ఆమె పేరు పూర్తిగా లేదు. రెండు పొడి అక్షరాలు, పుట్టిన ఏడు, పోయిన ఏడు.